ముందుగా వచ్చే ముసలితనం – మాతృత్వం

ముప్పై రెండేళ్ళ స్త్రీ రెండు కళ్ళలోనూ శుక్లాలతో కంటి శిబిరానికి వస్తుంది. తల సగానికి పైగా నెరిసిపోయి ఉంటుంది. మనిషి పొట్టి, చేతులూ కాళ్ళూ పుల్లల్లా ఉంటాయి, గొంతు బొంగురు. చీలమండ దగ్గర ఎన్నాళ్ళైనా మానని పుండు. మనం సాధారణంగా ఏం చేస్తాము? శుక్లం తీసి, లెన్స్ పెట్టి, చుక్కల మందు రాసిచ్చి పంపుతాము. ఎన్ని కాన్పులయ్యాయి, ఎన్ని గర్భాలు నిలవకుండా పోయాయి, భర్త ఏమవుతాడు, తోబుట్టువులు ఎలా ఉన్నారు అనే ప్రశ్నలు కంటి శిబిరంలో ఎవరూ అడగరు. అవి ఎందుకు అడగాలో ఈ పాఠంలో తెలుసుకుందాము. నర్సులు, ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు దీన్ని కాస్త నిదానంగా చదవవలసిందిగా కోరుతున్నాము.

వయసు రాకుండానే వృద్ధాప్యం వచ్చే జన్యువ్యాధులు కొన్ని ఉన్నాయి. వీటిలో చాలామందికి తెలిసినది ప్రొజీరియా. 2009లో వచ్చిన ‘పా’ అనే హిందీ సినిమాలో అమితాబ్ బచ్చన్ వేసిన పిల్లవాడి పాత్రకు ఉన్నది ఆ వ్యాధే. అది పసితనంలోనే మొదలవుతుంది. చికిత్స లేకపోతే ఆ పిల్లలు సగటున 14, 15 ఏళ్ళు మాత్రమే బతుకుతారు. లోనాఫార్నిబ్ అనే మందుకు 2020లో అమెరికాలో అనుమతి లభించింది. దానితో ఆయుష్షు కొంత పెరుగుతోంది గాని, ఈ ఆడపిల్లల్లో యుక్తవయసు మార్పులు పూర్తిగా రావడం అరుదు కాబట్టి గర్భం ప్రశ్న దాదాపుగా తలెత్తదు. కాకెయిన్ సిండ్రోమ్ అని మరొకటి ఉంది (అది ఒక బ్రిటిష్ వైద్యుడి పేరు, మత్తుమందుతో సంబంధం లేదు). అందులోనూ చాలా తేలిక రకం ఉన్న కొద్దిమందే తల్లులయ్యే వయసుకు చేరుకుంటారు.

గర్భం విషయంలో మనం నిజంగా ఆలోచించవలసిన వ్యాధి వెర్నర్ సిండ్రోమ్. ఎందుకంటే ఈ వ్యాధి ఉన్న ఆడపిల్ల అందరిలాగే పుడుతుంది, బడికి వెళుతుంది, పుష్పవతి అవుతుంది, పెళ్ళి చేసుకుంటుంది. తెలివితేటల్లో ఏ లోపమూ ఉండదు. వ్యాధి బయటపడేది ఆ తరువాతనే.

ఏమిటీ వెర్నర్ సిండ్రోమ్?

1904లో జర్మనీలోని కీల్ నగరంలో ఆటో వెర్నర్ అనే యువ వైద్యుడు తన పట్టా కోసం రాసిన సిద్ధాంత వ్యాసంలో, ఒకే కుటుంబానికి చెందిన నలుగురు తోబుట్టువుల గురించి వివరించాడు. నలుగురికీ చిన్న వయసులోనే శుక్లాలు వచ్చాయి, చర్మం బిగుసుకుపోయింది. ఆయన చూసింది కూడా కంటి ఆసుపత్రిలోనే అన్నది గమనించండి. దీనికి కారణమైన జన్యువును 1996లో అమెరికాలోని సియాటెల్ శాస్త్రవేత్తల బృందం కనుగొన్నది. అది 8వ క్రోమోజోము మీద ఉంటుంది.

మన కణాల్లోని డి.ఎన్.ఎ. పురి పెట్టిన రెండు పేటల తాడులాంటిది. కణం రెండుగా చీలేటప్పుడు ఆ పురి విప్పి, రెండు పేటలనూ చూసి నకలు తీయాలి. మధ్యలో తెగిన చోట్లు ఉంటే అతకాలి. ఈ పురి విప్పే పని, అతికే పని చేసే ప్రోటీన్లలో ఒకటి వెర్నర్ ప్రోటీన్. అది లేనివారి కణాలు కొన్నిసార్లు చీలిన తరువాత త్వరగా అలసిపోయి ఆగిపోతాయి. చర్మం, రక్తనాళాలు, ఎముకలు, అండాశయాలు అన్నీ తొందరగా పాతబడతాయి. క్యాన్సరు ముప్పు కూడా పెరుగుతుంది.

మొదటి గుర్తు 12, 13 ఏళ్ళ వయసులో కనిపిస్తుంది. ఆ వయసులో తోటి పిల్లలు ఒక్కసారిగా పొడుగెదుగుతారు, ఈ పిల్ల ఎదగదు. కాని పొట్టిగా ఉండటం మన దగ్గర ఎవరికీ జబ్బులా అనిపించదు. ఇరవైలలో జుట్టు నెరిసి రాలుతుంది, గొంతు మారుతుంది, కాళ్ళూ చేతులూ సన్నబడి పొట్ట భాగం మాత్రం లావుగా ఉంటుంది. అరికాళ్ళలో ఆనెలు కడతాయి. ముప్పైలలో శుక్లాలు, చక్కెర వ్యాధి, గుల్లబారిన ఎముకలు, చీలమండల దగ్గర పుండ్లు, గుండె రక్తనాళాల్లో పూడికలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఈ వ్యాధి ఉన్నవారి ఆయుర్దాయం సుమారు 54 ఏళ్ళు. ఎక్కువమంది గుండెపోటు వల్లనో క్యాన్సరు వల్లనో చనిపోతారు.

ప్రపంచ వైద్య గ్రంథాల్లోకి ఎక్కిన రోగుల్లో అత్యధికులు జపాన్ వారే. అమెరికాలో సుమారు 2 లక్షల మందిలో ఒకరికి ఉంటే, జపాన్‌లో 20 వేల నుంచి 40 వేల మందికి ఒకరు ఉంటారని అంచనా. ఒకప్పుడు అక్కడ దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు ఎక్కువగా జరగడం దీనికి ఒక కారణం. మేనరికాలు నేటికీ ఉన్న మన ప్రాంతంలో ఈ మాటను తేలికగా తీసుకోరాదు.

తల్లి కావడానికి ఉన్న కాలం తక్కువ

ఇప్పుడు రెండు కాలాలను పక్కపక్కన పెట్టి చూడండి. జబ్బు పేరు తెలిసేది ముప్పైలలో, కొందరికి నలభైలలో. పిల్లలు పుట్టేది ఇరవైలలో. అంటే వెర్నర్ సిండ్రోమ్ ఉన్న స్త్రీ గర్భవతి అయ్యే నాటికి ఆమెకు గాని, ఆమెకు కాన్పు చేసే డాక్టరుకు గాని జబ్బు సంగతి తెలియదు. “పొట్టిగా ఉంది, బాలనెరుపు వచ్చింది” అన్నంత మాత్రమే తెలుస్తుంది. గర్భాలు పోతాయి, నెలలు నిండకుండా కాన్పు అవుతుంది, బి.పి. పెరుగుతుంది. వీటన్నిటికీ ఒక కారణం ఉందని పదేళ్ళ తరువాత గాని అర్థం కాదు.

పైగా ఆ అవకాశం ఉండే కాలం కూడా చిన్నదే. యుక్తవయసు వచ్చిన కొద్దికాలానికే సంతానశక్తి తగ్గడం మొదలవుతుంది. అండాశయాల్లోని అండాల నిల్వ త్వరగా అయిపోతుందని భావిస్తున్నారు. చాలామందికి ముట్లు ముందుగానే ఆగిపోతాయి. గర్భస్రావాలు ఎక్కువ. అయినా క్షేమంగా బిడ్డను కన్న తల్లులు ఉన్నారు, వైద్య పత్రికలలో వారి వివరాలు ఉన్నాయి. కాబట్టి “నీకు పిల్లలు పుట్టరు” అని ముఖం మీద చెప్పడం ఎంత తప్పో, “ఏం ఫరవాలేదు, నిదానంగా చూద్దాం” అని సంవత్సరాలు గడిపేయడం అంత తప్పు.

ముప్పై మూడేళ్ళకు నెల తప్పితే ఇంట్లో అందరూ గర్భమనే అనుకుంటారు. ఈ స్త్రీలలో అది ముట్లుడగడం కావచ్చు. తిరగవేస్తే, “నాకు ముట్లు ఆగిపోయాయి” అనుకున్నామె నిజంగా గర్భవతి కూడా కావచ్చు. మూత్ర పరీక్ష చేస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

గర్భానికి ముందే చేయవలసినవి

జబ్బు ముందుగా తెలిసిన స్త్రీ బిడ్డను కోరుకుంటే, గర్భం వచ్చాక కాదు, రాకముందే డాక్టరును కలవాలి. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇది గుర్తు పెట్టుకోండి. ఇ.సి.జి., గుండె ఎకో, బి.పి., మూత్రపిండాల పరీక్ష, కంటి తెర పరీక్ష, మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్.బి.ఎ.1సి. పరీక్ష చేయించాలి. గర్భకాలంలో గుండె మీద పడే పని చాలా పెరుగుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషికి అరవై ఏళ్ళ రక్తనాళాలు ఉంటే ఆ బరువు మోయగలదా లేదా అన్నది ముందే తేలాలి. గుండె నాళాల్లో పూడిక ఉన్నదని తేలితే గర్భం వద్దని చెప్పవలసి రావచ్చు. ఆ మాట భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి, అత్తగారి ముందు ఆమె ఒక్కదానికే కాదు.

ఆమె వాడుతున్న మందుల చీటీ మొత్తం చూడాలి. కొలెస్టరాల్‌కు ఇచ్చే స్టాటిన్లను సాధారణంగా గర్భానికి ముందే ఆపుతారు. బి.పి.కి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటివి కడుపులోని బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, కాబట్టి వేరే మందుకు మార్చాలి. వెర్నర్ రోగులకు చక్కెర తగ్గించడానికి తరచుగా వాడే పయోగ్లిటజోన్‌ను గర్భకాలంలో వాడరు, ఇన్సులిన్‌కు మారుస్తారు. ఎముకలకు ఇచ్చే అలెండ్రోనేట్ వంటి మందులు ఆపిన తరువాత కూడా ఏళ్ళ తరబడి ఎముకలో నిలిచి ఉంటాయి, అందుకే వాటిని మొదలుపెట్టేటప్పుడే పిల్లల సంగతి అడగాలి. ఇవేవీ రోగి సొంతంగా ఆపకూడదు. ఫోలిక్ ఆమ్లం మాత్రలు గర్భానికి కనీసం నెల ముందు నుంచి వేసుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్నవారికి మోతాదు ఎక్కువ కావచ్చు, డాక్టరు చెప్పినట్లు వాడాలి.

గర్భకాలంలో మనల్ని మోసం చేసే గుర్తులు

ఈ స్త్రీల విషయంలో పుస్తకంలో చదివిన ప్రమాద చిహ్నాలు కొన్ని సూటిగా కనిపించవు. అందుకే ఈ భాగాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాము.

మొదటిది బి.పి. వెర్నర్ సిండ్రోమ్ ఉన్న గర్భిణుల్లో గుర్రపువాతానికి దారితీసే బి.పి. పెరుగుదల కనబడుతున్నది. కళ్ళు మసకబారడం దీని ప్రమాద చిహ్నాల్లో ఒకటి. కాని ఈమెకు శుక్లాలు ముందే ఉండవచ్చు. “కళ్ళు మసకగా ఉన్నాయమ్మా” అంటే “నీకు ఎప్పుడూ ఉండేదేగా” అని వదిలేస్తారు. మసక కొత్తగా పెరిగిందా, తలనొప్పి ఉందా, పొట్ట పైభాగంలో నొప్పి ఉందా అని అడగాలి. అలాగే కాళ్ళ చర్మం బిగుసుకుపోయి ఉన్నచోట వాపు సరిగా తెలియకపోవచ్చు. నమ్మవలసింది బి.పి. యంత్రాన్ని, మూత్రంలో ప్రోటీను పరీక్షను. అందులోనూ ఒక జాగ్రత్త. సన్నని చేతికి పెద్దవాళ్ళ మామూలు పట్టీ చుడితే బి.పి. ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. చేతికి సరిపోయే చిన్న పట్టీ వాడండి. 140/90 దాటితే అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఇటువంటి ముప్పు ఉన్నవారికి 12 వారాలు దాటిన తరువాత, 16 వారాల లోపే, తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టడం వల్ల మేలు ఉంటుంది. అది ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం.

రెండవది చక్కెర. సన్నగా ఉన్న మనిషికి షుగరు ఉండదని మనకొక నమ్మకం. ఈమె చేతులూ కాళ్ళూ సన్నవే గాని, కొవ్వంతా పొట్టలో ఉంటుంది, ఇన్సులిన్ సరిగా పని చేయదు. మన జాతీయ కార్యక్రమం ప్రకారం ప్రతి గర్భిణికీ మొదటి పరీక్షలోనే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. 140 మి.గ్రా. లేదా ఎక్కువ ఉంటే గర్భకాలపు మధుమేహంగా పరిగణిస్తారు. బాగుంటే మళ్ళీ 24–28 వారాల మధ్య చూడాలి. ఈమెకు ఆ రెండవ పరీక్ష ఎట్టి పరిస్థితుల్లోనూ మానకూడదు.

మూడవది గర్భసంచి ముఖద్వారం బలహీనంగా ఉండటం. ఇది నొప్పి లేకుండా వచ్చే ప్రమాదం. నాలుగు నుంచి ఆరు నెలల మధ్యలో పొత్తికడుపు బరువుగా అనిపించడం, నీళ్ళలాంటి తెల్లబట్ట కావడం, నడుము పీకడం, అంతే. నొప్పులు తెలియకుండానే ముఖద్వారం తెరుచుకుని బిడ్డ జారిపోతుంది. “బరువులు ఎత్తింది, బస్సులో ప్రయాణం చేసింది, అందుకే పోయింది” అని తల్లినే నిందిస్తారు. అది అన్యాయం. 16 వారాల నుంచి స్కానింగులో ముఖద్వారం పొడవు కొలిపించాలి. 25 మి.మీ. కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా నిపుణులకు చూపించాలి. ఇంతకుముందు ఇలా గర్భాలు పోయినవారికి 12–14 వారాల మధ్యనే కుట్టు వేయవచ్చు. ఆ కుట్టును 36–37 వారాలకు తీసేస్తారు. నొప్పులు ముందే వస్తే కుట్టు తీయించుకోవడానికి వెంటనే రావాలని ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచాలి.

34 వారాల లోపు నొప్పులు మొదలైతే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ ఇస్తారన్నది మన ఏ.ఎన్.ఎం.లకు తెలిసిన సంగతే. ఈమెకూ ఇవ్వాలి. కాని ఆ మందు చక్కెరను బాగా పెంచుతుంది. కాబట్టి మొదటి మోతాదు ఇచ్చి 108లో పంపేటప్పుడు చీటీ మీద చక్కెర వ్యాధి సంగతి రాయండి, అక్కడ రక్తంలో చక్కెరను గంటగంటకూ కనిపెట్టుకుని ఉంటారు.

కాన్పు, ఆ తరువాత

కాన్పు పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, నెలలు నిండని బిడ్డను చూసుకునే యూనిట్ ఉండాలి. వెర్నర్ సిండ్రోమ్‌లో గాయాలు నిదానంగా మానతాయి. అందుచేత అవసరం లేని సిజేరియన్ ఈమెకు మామూలు తల్లికంటే ఎక్కువ ఖరీదైనది. అవసరమైతే మాత్రం వెనుకాడకూడదు. పొట్టిగా ఉన్న తల్లికి కటి ఇరుకు కావచ్చు, దాన్ని ముందే అంచనా వేయాలి. కుట్లను రోజూ చూడండి. చీలమండ పుండు ఉంటే కట్టు మార్చడం, మంచం మీద కాలు ఎత్తులో ఉంచడం, చెప్పులు లేకుండా నడవనివ్వకపోవడం మరవవద్దు. బాలింత గదిలో అందరి చూపూ బిడ్డ మీదనే ఉంటుంది, కాలి పుండు దుప్పటి కింద ఉండిపోతుంది.

ఇంకో గర్భం వద్దనుకుంటే మామూలు గర్భనిరోధక మాత్రలు గుండె జబ్బు, రక్తనాళాలు దెబ్బతిన్న చక్కెర వ్యాధి ఉన్నవారికి పనికిరావు. వాటిలోని ఈస్ట్రోజన్ వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. కాపర్-టి మంచిది. ఆమెకు గాయం మానడమే కష్టమైనప్పుడు ఆపరేషను ఆమెకే ఎందుకు? భర్తకు చేసే కోత లేని వేసెక్టమీ అరగంట పని. మన ఊళ్ళలో మగవారు ముందుకు రావడం అరుదు అని తెలుసు, అయినా అడగండి.

పిల్లలకు వస్తుందా?

ఇదే తల్లులు మొట్టమొదట అడిగే ప్రశ్న. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. రెండు ప్రతులూ చెడిపోతేనే వెర్నర్ సిండ్రోమ్ వస్తుంది. ఒక్కటే చెడిపోయినవారిని వాహకులు అంటారు, వారికి ఈ జబ్బు రాదు. జబ్బు ఉన్న తల్లి దగ్గర రెండూ చెడినవే కాబట్టి ఆమె పిల్లలందరూ వాహకులే. భర్త బయటి సంబంధమైతే అతను కూడా వాహకుడయ్యే అవకాశం చాలా తక్కువ, అందుచేత పిల్లలకు జబ్బు వచ్చే అవకాశం కూడా చాలా తక్కువ. ఈ మాట చాలామంది తల్లులకు పెద్ద ఊరట.

భర్త మేనబావ అయితే లెక్క మారిపోతుంది. ఆమె తల్లి తప్పకుండా వాహకురాలు. కాబట్టి తల్లి తమ్ముడు, అంటే మేనమామ, వాహకుడు అయ్యే అవకాశం రెండింట ఒకటి. మేనమామనే చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామ కొడుకునో, మేనత్త కొడుకునో చేసుకుంటే ఎనిమిదింట ఒకటి. తల్లిదండ్రులదీ మేనరికమే అయితే ఇంకా పెరగవచ్చు. అందుకే పెళ్ళయినవారికైతే ముందుగా చేయించవలసింది భర్త రక్తపరీక్ష. అతను వాహకుడు కాదని తేలితే కడుపులోని బిడ్డకు సూది పరీక్షల అవసరమే రాదు. వాహకుడని తేలితే 11 వారాల తరువాత మావి నుంచి గాని, 15 వారాల తరువాత ఉమ్మనీటి నుంచి గాని పరీక్ష చేయవచ్చు. ఆ పరీక్ష చేయించుకోవాలా, ఫలితంతో ఏం చేయాలి అన్నది ఆ దంపతులు నిదానంగా ఆలోచించుకోవలసిన విషయం. మన వంతు వారికి లెక్క స్పష్టంగా చెప్పడం. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి జన్యువైద్య విభాగంలోనూ, వేలూరు సి.ఎం.సి.లోనూ ఇటువంటి సలహా దొరుకుతుంది. వెళ్ళే ముందు ఫోను చేసి రోజు కనుక్కుని వెళ్ళండి, పాత రిపోర్టులన్నీ తీసుకెళ్ళండి.

ఒక కఠినమైన ప్రశ్న కూడా ఉంది. తల్లి ఆయుష్షు యాభై దాటి కొద్ది ఏళ్ళే అయితే, అప్పటికి బిడ్డ వయసెంత? ఇరవై అయిదేళ్ళకు కన్న తల్లి బిడ్డ పెళ్ళి చూడవచ్చు. ముప్పై అయిదేళ్ళకు కన్న తల్లికి, బిడ్డ చిన్న తరగతుల్లో ఉండగానే చూపు, కాళ్ళు, గుండె ఇబ్బంది పెట్టవచ్చు. బిడ్డను ఎత్తుకునే చేయి మరొకటి ఇంట్లో ఉండాలి. ఇది ఆమెను నిరుత్సాహపరచడానికి చెప్పేది కాదు, తోడు ఎవరో ముందే అనుకోవడానికి. దత్తత తీసుకునేవారు కూడా ఇదే ఆలోచించుకోవాలి.

ఇక తోబుట్టువుల సంగతి. ఒక అక్కకు ఈ జబ్బు ఉన్నదని తేలిన నాడే ఆమె తమ్ముళ్ళ, చెల్లెళ్ళ ఎత్తు, జుట్టు, కళ్ళు, పాదాలు చూడాలి. వారిలో ఒక్కొక్కరికి ఈ జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒకటి. జబ్బు లేని చెల్లెలు వాహకురాలయ్యే అవకాశం మూడింట రెండు. ఆమెకు మేనబావతో సంబంధం మాట్లాడుతూ ఉంటే, బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ప్రతి కాన్పుకూ 24లో ఒకటి. ఇద్దరి రక్తపరీక్షా చేయిస్తే అది సున్నా అని తేలవచ్చు, నాలుగింట ఒకటి అని కూడా తేలవచ్చు. పరీక్షకు పంపేటప్పుడు అక్క రిపోర్టులో ఉన్న జన్యుమార్పు వివరం జతచేయండి, అది లేకపోతే చెల్లెలి రక్తంలో ఏమి వెతకాలో ప్రయోగశాలవారికి తెలియదు.